నడుం నొప్పికి సర్కారు దవాఖానా

అక్కలందరికీ నమస్కారం.

మీరంతా రోజుకు ఎనిమిది, పది గంటలు కుట్టుమిషన్ మీద వంగి కూర్చునేవాళ్లు. ఇందాక లోపలికి వస్తూ చూశాను, చాలామంది గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. ఇద్దరు నడుముకు బెల్టు కట్టుకున్నారు. నేను ఫిజియోథెరపిస్టుని కాబట్టి చూపు ముందు అక్కడికే పోతుంది. ఆ బెల్టు సంగతి తర్వాత చెప్తాను.

మన బోరబండకు పక్కనే ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ దవాఖానా, అమీర్‌పేట వైపు ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి. మూడూ సర్కారువే. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎంతోమంది అప్పటికే ప్రైవేటు మసాజ్ సెంటర్లలో వేలకు వేలు పోసి, అప్పుచేసి వస్తారు. ఎర్రగడ్డకు ఎందుకు పోలేదమ్మా అంటే, "అక్కడ నడుముకు కూడా చూస్తారని ఎవరూ చెప్పలేదు మేడం" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఆయుర్వేదంలో నడుముకు చేసేది కటివస్తి. మినప్పిండి ముద్దతో నడుము మీద గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోస్తారు. చల్లారితే తీసి మళ్లీ వెచ్చనిది పోస్తారు. అరగంటకు పైనే పడుతుంది. యునానీలో అయితే ఒంటి మీద కప్పులు పెట్టి చర్మాన్ని పైకి లాగే హిజామా ఉంది.

ఇవి పనిచేస్తాయా? మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. వెచ్చదనానికి, మర్దనకు బిగుసుకున్న కండరాలు సడలుతాయి, కొంత హాయిగా ఉంటుంది. అరిగిన డిస్కు మళ్లీ పెరుగుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి చూపే సంస్థ 2009లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్, అంటే సూదులు గుచ్చే వైద్యం, 10 సార్ల వరకు ఇవ్వచ్చంది. 2016లో అదే సంస్థ వద్దంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో సూదులకూ మర్దనకూ చోటిచ్చింది. ఇలాంటి వైద్యాల మీద పెద్ద సంస్థలే ఒక్క మాట మీద లేవు. కానీ వ్యాయామం చెయ్యమని మాత్రం అందరూ అన్నారు. అందుకే తైలం పోయించుకుని ఇంటికొచ్చి పడుకోవద్దు. నొప్పి తగ్గిన ఆ కాసేపే నడుము కదిలించాలి. ఇక బెల్టు. రోజూ కట్టుకునే అలవాటు వద్దని ఆ 2023 సూచనల్లోనే ఉంది.

ఒక్క జాగ్రత్త. మూత్రం, మలం ఆపుకోలేకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా తైలాల దగ్గరికి కాదు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. కటివస్తికి వారం, పది రోజులు వరసగా పోవాలి. పది రోజులు పొద్దున పూట మిషన్ ఆపితే ఇల్లెట్లా గడుస్తుంది? మొన్న ఒకామె మూడు రోజులు పోయి మానేసింది. పీస్ రేటు పని పోతుందని టెన్షన్. ఆమెను నేను తప్పు పట్టలేను. తప్పు ఏర్పాటులో ఉంది. మన బస్తీ దవాఖానాకు వారానికి రెండు సాయంత్రాలు ఫిజియోథెరపిస్టు రావాలి, నెలకోసారైనా ఆయుర్వేద డాక్టరు కూర్చోవాలి. ఎవరిని ఎర్రగడ్డకు పంపాలో అక్కడే చీటీ రాసివ్వాలి.

ఇదే దరఖాస్తుగా రాసి తెచ్చాను. కాగితం ఆ మూల నుంచి వస్తుంది, చదివి సంతకం పెట్టండి. ఈలోపు మిగతావాళ్లు లేచి నిలబడండి. మిషన్ దగ్గర గంటకోసారి చేసుకోవాల్సినవి రెండున్నాయి, చూపిస్తాను. బెల్టు అక్కలు ముందుకు రండి.