ఎకో అయింది, యాంజియో అయింది, మళ్లీ పెట్ స్కాన్ ఎందుకంటే

అందరికీ నమస్తే. ఇయ్యాల ముచ్చట మా పెద్దనాయినతోని మొదలుపెడ్త. హాలియా దిక్కు బత్తాయి తోట ఆయనది, పోయినేడు గుండెపోటు వచ్చింది, టూడీ ఎకోల, అంటే గుండె స్కానింగ్‌ల, గుండె పంపింగ్ 30 శాతమే అన్నరు, మామూలుగైతే 55 పైన ఉండాలె. యాంజియో చేస్తే మూడు బ్లాకులు. బైపాస్ సంగతి తర్వాత, ముందు హైదరాబాద్ పోయి పెట్ స్కాన్ చేయించుకరండి అన్నరు. "ఏంరా, అన్ని ఫోటోలు తీసిండ్రు గదా, ఇంకేం చూస్తరు?" అని నన్ను అడిగిండు.

యాంజియోల కనపడేది గుండెకు నెత్తురు తెచ్చే పైపు పెద్దనాయినా, డ్రిప్పు ఏడ మూసుకపోయిందో తెలుస్తది, చెట్టు సంగతి తెల్వదు. ఎకోల గుండె గోడ కదుల్తలేదని కనపడ్తది, కానీ ఆ కండ సచ్చిపోయిందా, నెత్తురు సాలక పని బంద్ పెట్టి పానం నిలుపుకుందా, అది మామూలు ఎకోల తేలదు. ఎండిన కొమ్మను కొట్టేసే ముందు గోరుతోని బెరడు గీకి చూస్తవు గదా, లోపల పచ్చగుంటే నీళ్లు పెడ్తవు. పెట్ స్కాన్ చేసేది గదే.

ఎట్లంటే రెండు తీర్ల ఫోటోలు తీస్తరు, ఒకదాంట్ల నెత్తురు ఏడిదాకా చేరుతుందో చూస్తరు, ఇంకోదాంట్ల ఎఫ్‌డీజీ అని, ఫ్లోరిన్-18 అనే రేడియేషన్ ఇచ్చే పదార్థం తగిలించిన చక్కెరలాంటి మందు ఎక్కించి కండ దాన్ని గుంజుకుంటుందా లేదా చూస్తరు. నెత్తురు తక్కువున్నా చక్కెర తింటుందంటే పానం ఉన్నట్టు, రెండూ లేకుంటే అది మచ్చ, అంటే సచ్చిపోయిన కండ. ఏ ఒక్క ఫోటో చూసినా ఈ మాట చెప్పలేరు, రెండూ పక్కపక్కన పెట్టాల్సిందే. ఆ మందు బలం 110 నిమిషాలకు సగమైతది, అందుకే చెప్పిన టైముకు పోవాలె. షుగర్ ఉన్నోళ్లకు ముందు షుగర్ చూసి, అవసరముంటే ఇన్సులిన్ ఇచ్చి చేస్తరు, పెద్దనాయినకు గట్లనే లేటయింది, కంగారు పడకుండ్రి. కొందరికి ఎంఆర్ఐ రాస్తరు, గాడోలినియం అనే మందు ఎక్కించి తీస్తే అండ్ల మచ్చ తెల్లగ కనపడ్తది.

పెద్దనాయినకు ముందుగోడ చానా మటుకు బతికే ఉంది, కొసకు మచ్చ. సర్జన్ ఎకో, యాంజియో, పెట్ మూడూ ముందల పెట్టుకుని మాట్లాడిండు, స్కాన్ల పానం కనపడ్డ ప్రతి ఒక్కరికీ ఆపరేషన్‌తోని పంపింగ్ పెరుగుతదని లేదు, కిడ్నీలు, షుగర్, వయసు అన్నీ చూడాలె అని ముఖం మీదనే చెప్పిండు. నాకైతే ఆ మాటతోనే ధైర్యమొచ్చింది.

ఇంకోటి, పెద్ద దవాఖానకు పోయేటప్పుడు యాంజియో సీడీ పట్టుకపోండ్రి, కాయితం ఒక్కటే సాలదు. మేం ఇంట్ల మర్చిపోయినం, ఆ సీడీ కోసం తమ్ముడు మళ్ల హాలియా దాకా పోయొచ్చిండు.