ఆన్ చేయగానే మోగేది, అడగకుండా వచ్చేది

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో మాట్లాడేది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే అన్న. అన్నా, కొత్త లాప్‌టాప్ కొన్నవాళ్లు మీ దగ్గరికి ఏ కంప్లైంట్‌తో వస్తారు?

అన్న: ముందు సౌండే, చెల్లెమ్మా. విండోస్ 11లో స్టార్టప్ సౌండ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. విండోస్ 10లో ఆఫ్‌లో ఉండేది. పాపను అప్పుడే నిద్రపుచ్చిన తల్లి ఆఫీసు పని చేసుకుందామని సిస్టమ్ ఆన్ చేస్తే ఎలా ఉంటుంది చెప్పు!

హోస్ట్: తీసేయడం కష్టమా?

అన్న: నిమిషం పని. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి పర్సనలైజ్, థీమ్స్, సౌండ్స్ అని వరసగా వెళ్లాలి. ఒక చిన్న పాతకాలపు విండో తెరుచుకుంటుంది. అందులో ‘ప్లే విండోస్ స్టార్టప్ సౌండ్’ పక్కన టిక్ తీసి ఓకే నొక్కడమే. మ్యాక్‌లో అయితే 2020లో వచ్చిన బిగ్ సర్ అనే వెర్షన్ నుంచి ఆఫ్ చేసే ఆప్షన్ సౌండ్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

హోస్ట్: టిక్ తీసినా మోగుతూనే ఉందని కొందరంటారు.

అన్న: అది విండోస్ సౌండ్ కాదమ్మా. కంపెనీ లోగోతో పాటే మోగిందంటే బయోస్ నుంచి, అంటే విండోస్ కంటే ముందే లేచే లోపలి ప్రోగ్రామ్ నుంచి వస్తున్నట్టు. కొన్ని గేమింగ్ లాప్‌టాప్‌లలో ఇది ఉంటుంది. అప్పటికి విండోస్ ఇంకా లేవనే లేదు, అందులో టిక్ తీస్తే ఏం లాభం? ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కాలి, హెచ్‌పీ అయితే ఎఫ్10. బయోస్‌లోకి వెళ్లి బూట్ సౌండ్ ఆఫ్ చేసి సేవ్ చేయాలి. అందుకే నేను ముందు సౌండ్ లోగోతోనా, లాగిన్ స్క్రీన్ దగ్గరా అని అడుగుతాను.

హోస్ట్: మరి మనం అడగకుండానే లోపలికొచ్చే సాఫ్ట్‌వేర్?

అన్న: నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే. డబ్బు పెట్టి కొన్నది మనం. ట్రయల్ యాంటీవైరస్, గేములు, షాపింగ్ యాప్‌లు వేసేది వాళ్లు. స్లో అవడం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. 2014 చివర్లో లెనోవో కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ వేసి అమ్మింది. బ్రౌజర్‌లో ప్రకటనలు చొప్పించడం దాని పని. అందుకోసం సిస్టమ్‌లో సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఈ సైటు అసలైందేనని బ్రౌజర్‌కి హామీ ఇచ్చే ముద్ర, పెట్టుకుంది. అన్ని లాప్‌టాప్‌లకూ ఒకటే తాళంచెవి! 2015 ఫిబ్రవరిలో ఒక సెక్యూరిటీ నిపుణుడు దాని పాస్‌వర్డ్ బయటపెట్టాడు. అది దొరికినవాడు అదే వైఫైలో ఉంటే నకిలీ బ్యాంకు సైటు చూపించినా బ్రౌజర్ నమ్మేస్తుంది.

హోస్ట్: అమ్మో! విండోస్ మళ్లీ ఎక్కిస్తే పోతుందా?

అన్న: సూపర్‌ఫిష్ పోతుంది. కానీ అదే ఏడాది లెనోవోదే ఇంకో ప్రోగ్రామ్ బయటపడింది. బయోస్‌లోనే దాక్కుని, శుభ్రంగా విండోస్ వేసినా మళ్లీ దిగిపోయేది. దానికి దారి మైక్రోసాఫ్ట్ ఇచ్చిందే, విండోస్ 8 నుంచి ఉంది. దొంగలు ఎత్తుకుపోయిన లాప్‌టాప్‌ను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ లాంటి వాటికోసమని ఇచ్చిన దారి. చివరికి లెనోవో బయోస్ అప్‌డేట్ ఇచ్చి తీసేసింది.

హోస్ట్: ఇంట్లో కూర్చుని మేం ఏం చేయొచ్చు?

అన్న: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి పనికిరానివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఊపులో అన్నీ తీసేయొద్దు. టచ్‌ప్యాడ్, ఆడియో, చిప్‌సెట్, గ్రాఫిక్స్ అని పేరున్న వాటి జోలికి పోకండి. బిల్లులో ఎంఎస్ ఆఫీస్ కూడా ఉంటే దాన్ని యాక్టివేట్ చేసుకోండి, దానికి డబ్బు కట్టారు.

హోస్ట్: ట్రయల్ యాంటీవైరస్ తీసేస్తే రక్షణ పోతుందేమోనని మా అమ్మకు టెన్షన్.

అన్న: అమ్మగారికి చెప్పు, అది పోగానే విండోస్‌తో వచ్చే డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి పచ్చ టిక్ ఉందో లేదో చూసుకోమను.