సాక్ష్యం చెప్పేవారి బాధ్యత

శ్రోతలకు నమస్కారం.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడొకడు కనిపిస్తాడు. యేసు అతనికి చూపునిచ్చిన తరువాత యూదుల మతపెద్దలైన పరిసయ్యులు అతణ్ణి పిలిపించి, నీకు చూపునిచ్చినవాడు పాపి అని మాకు తెలుసునని గద్దించారు. ఆయన పాపియో కాడో నేనెరుగను, ఒకటి మాత్రం ఎరుగుదును, గుడ్డివాణ్ణై ఉండి ఇప్పుడు చూస్తున్నాను అని అతడు బదులిచ్చాడు. తల్లిదండ్రులు సైతం సమాజమందిరంలోంచి వెలివేస్తారన్న భయంతో, వాడినే అడగండి, వాడు వయసు వచ్చినవాడు అని తప్పుకున్న సమయంలో, అతడు తెలియనిదాన్ని తెలుసుననలేదు, తెలిసినదాన్ని దాచనూ లేదు. చివరికి అతణ్ణి వెలివేశారు కూడా. మన విశ్వాసాన్ని గురించి ఇతరులకు సాక్ష్యం చెప్పడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించదు.

మన విశాఖపట్నంలో ఆదివారం ఆరాధనల్లోనూ, ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికల్లోనూ, ముఖ్యంగా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలోనూ, గడచిన సంవత్సరమంతా దేవుడు చేసిన మేలులను చెప్పడానికి ఎందరో లేచి నిలబడతారు. ఆ మాటలంటే నాకెంతో ప్రేమ. అందుకే వాటిలో అతిశయోక్తి చేరితే బాధ కలుగుతుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) చాలాకాలం చికిత్స పొంది కోలుకున్న మనిషి, సాక్ష్యం చెప్పేటప్పుడు వైద్యులనూ, రాత్రంతా మేలుకున్న నర్సులనూ విడిచిపెట్టి చెబితే దేవుని మహిమ పెరగదు, సత్యం మాత్రం తగ్గుతుంది. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడని పిలిచాడు కదా! అలాగే భర్త తాగుడునో, కొడుకు అప్పులనో వారి సమ్మతి లేకుండా నలుగురిలో చెప్పడం తగదు. మన కథలో ఉన్నంతమాత్రాన వారి పరువు మన సొత్తు కాదు.

భాష విషయం మరీ ముఖ్యం. యెరూషలేములో తన మీదికి విరుచుకుపడిన జనానికి పౌలు తాను క్రీస్తు విశ్వాసిగా మారిన సంగతిని హెబ్రీ భాషలో చెప్పాడు, ఆ భాష వినగానే వారు నిశ్శబ్దమయ్యారని అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం చెబుతోంది. అదే అనుభవాన్ని అగ్రిప్ప రాజు ఎదుట వేరే తీరులో వివరించాడు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ కూడా ముందు తెలుగు నేర్చుకోవడానికే కూర్చున్నారు. ఆనందరాయర్ అనే మరాఠీ బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారు మొదలుపెట్టిన పనిలోంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో తెలుగులో అచ్చయ్యాయి. ఇతర దేశంనుంచి వచ్చినవారు ఇక్కడివారి మాట కోసం అంత శ్రమపడితే, ఇక్కడే పుట్టిన మనం పొరుగింటివారితో మాట్లాడేటప్పుడు కూడా అభిషేకం, ఆత్మీయ జీవితం, రక్షణానుభవం అంటూ సంఘంలోనివారికే అర్థమయ్యే మాటలు వల్లించడం న్యాయం కాదు.

నా సాక్ష్యం స్వస్థతను గురించినది కాదు. నా భార్య క్యాన్సర్‌తో మంచం పట్టినప్పుడు సంఘమంతా ప్రార్థించింది, అయినా ఆమె బ్రతకలేదు. ఆ తరువాత మా పైవాటాలో ఉండే పెద్దావిడ, సింహాచలం అప్పన్నను నిష్ఠగా కొలిచే మనిషి, నాకు ఫలహారం తెచ్చిపెడుతూ ఒకనాడు అడిగారు: "బాబూ, నీ దేవుడు నీ మొర వినలేదు కదా, మరి ఆదివారం వచ్చేసరికి చర్చికెలా వెళ్తున్నావు?"

"అమ్మా, ఎందుకు వినలేదో నాకు తెలియదు," అన్నాను. "కానీ కోపంతో ఏడ్చినా ఆయన నన్ను తోసివేయలేదు. క్రీస్తు కూడా సిలువ మీద, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అని అడిగాడు. ఆయన నా పక్కనే ఉన్నాడని నాకు తెలిసింది అక్కడే." ఆ రోజుల్లో నేను చదువుకున్న 88వ కీర్తనను ఆవిడకు చదివి వినిపించాను. అది ఏ ఓదార్పూ లేకుండా చీకటిలోనే ముగిసే కీర్తన. అటువంటి మొర కూడా దేవుని గ్రంథంలో చోటు సంపాదించుకున్నదన్న సంగతే నన్ను నిలబెట్టింది. ఆవిడ చాలాసేపు తన చనిపోయిన కొడుకును గురించి మాట్లాడారు. నేను విన్నాను. వినడం కూడా సాక్ష్యంలో భాగమేనని నా నమ్మకం.

మీలోని నిరీక్షణకు, అంటే ఆశకు, కారణమడిగే ప్రతివానికీ సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు పేతురు. అడిగినవారికి అన్న మాట ఎంత ముఖ్యమో, సాత్వికం అంత ముఖ్యం. బావి దగ్గర యేసును కలుసుకున్న సమరయ స్త్రీ కూడా, వచ్చి చూడండి అని ఊరివారిని పిలిచింది. ఆ తరువాత వారు, ఇప్పుడు నీ మాటను బట్టి కాదు, మేమే విన్నాము అని ఆమెతోనే అన్నారు. అంతవరకే ఆమె పని. మా పైవాటావిడ ఈనాటికీ ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణకు బయలుదేరతారు. ఆ కీర్తన మరోసారి చదవమని ఎప్పుడైనా అడిగితే చదువుతాను. ఆవిడ మనసులో ఏమి నిశ్చయించుకున్నారో నేను అడగలేదు, అడగను.