యూనిఫాంలో పట్టు ఎక్కడ, విడుపు ఎక్కడ

స్కౌట్ మాస్టర్లకూ, గైడ్ కెప్టెన్లకూ నమస్కారం.

తనిఖీలో నల్ల బూట్లు లేవని ఒక పిల్లవాణ్ణి వరుసలోంచి తీసి పక్కన నిలబెట్టడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ పిల్లవాడు తర్వాతి వారం ట్రూప్ మీటింగుకు రాడు. మనమేమో వాడికి ఆసక్తి లేదనుకుని పేరు కొట్టేస్తాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే ఇవాళ మీ ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలని వచ్చాను. యూనిఫాంలో డబ్బు పెట్టి కొనేవి కొన్ని, కష్టపడి సంపాదించుకునేవి కొన్ని. సంపాదించుకునేవాటి దగ్గర వెంట్రుకవాసి కూడా వదలొద్దు. కొనేవాటి కోసం ఒక్క బిడ్డనూ వెనక్కి పంపొద్దు.

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ నడిపిన తొలి శిబిరాన్ని గుర్తు చేసుకోండి. పెద్దింటి బడుల పిల్లలూ, కూలీనాలీ కుటుంబాల పిల్లలూ అక్కడ ఒకే చిన్న దళంలో, అంటే ఒకే పెట్రోల్‌లో కలిసి ఉన్నారు. వాళ్ళకు యూనిఫాం చొక్కాలే లేవు. మెడలో ఖాకీ స్కార్ఫ్, దాంతోపాటు ఒక ఇత్తడి బ్యాడ్జి, అంతే. ముడులు వేయడం, జాడలు పట్టడం, జాతీయ పతాకం గురించి తెలియడం, ఈ పరీక్షలు నెగ్గినవాడికే ‘సిద్ధంగా ఉండు’ అన్న రెండో బ్యాడ్జి దక్కింది. చొక్కా లేకపోయినా శిబిరం నడిచింది. పరీక్ష లేకుండా మాత్రం రెండో బ్యాడ్జి ఎవరికీ ఇవ్వలేదు.

మరి మన దగ్గర? బూడిదరంగు చొక్కా మీద చిన్న మరక కనిపిస్తే కేకలేస్తాం. ముడి వేయడం రాని పిల్లవాడి చొక్కా మీద మాత్రం ప్రావీణ్య బ్యాడ్జి కుట్టించేస్తాం, రాష్ట్ర స్థాయి పురస్కారమైన రాజ్యపురస్కార్‌కు బ్యాడ్జిల లెక్క సరిపోవాలని! కఠినంగా ఉండాల్సింది ఇక్కడ. అర్హత లేని బ్యాడ్జిని మనమే తీయించాలి, అది మన సొంత బిడ్డదైనా సరే.

స్కార్ఫ్ సంగతిలోనూ నేను రాజీపడను. రెండు భుజాలు 70 నుంచి 80 సెంటీమీటర్లుండే ఆ ముక్కోణపు గుడ్డ అలంకారం కాదు. విప్పితే విరిగిన చేతికి ఆసరా కట్టు అవుతుంది. మురికిగా ఉన్నా, కొలత తగ్గినా అవసరానికి అక్కరకు రాదు. పైగా మేడారం జాతరలోనో, 2027లో రాబోయే గోదావరి పుష్కరాల్లోనో తప్పిపోయిన పసివాణ్ణి ఎత్తుకున్న అవ్వ, సాయానికి ఏ స్కౌట్ దగ్గరికి వెళ్ళాలో ఆ స్కార్ఫ్ చూసే తెలుసుకుంటుంది.

అయితే యూనిఫామే వద్దు, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకురండి అనేవారితోనూ నేను ఏకీభవించను. అలా వదిలేస్తే ఖరీదైన బూట్లూ, బ్రాండ్ టీషర్టులూ పెట్రోల్‌లోకి వచ్చేస్తాయి. లేనివాడు మళ్ళీ వెనక వరుసలో నిలబడతాడు. మనసుపెట్టి పనిచేస్తూ స్కౌట్ నియమం పాటించేవాడు యూనిఫాం వేసుకున్నా, వేసుకోకున్నా తనకు పట్టదని బేడెన్ పావెలే రాశారు. కొనుక్కునే స్థోమత ఉండి కూడా వేసుకోని స్కౌట్ దాదాపు కనబడడని కూడా ఆ వెంటనే అన్నారు. మనవాళ్ళు మొదటి సగమో, రెండో సగమో పట్టుకుని వాదిస్తారు. రెండూ కలిపి చదవాలి.

కాబట్టి ప్రతి గ్రూపులో ఒక పెట్టె పెట్టండి. పొట్టయిపోయిన చొక్కాలు, బిగుతైన బూట్లు, బెల్టులు, టోపీలు పెద్ద పిల్లలు అందులో వేయాలి, చిన్నవాళ్ళు తీసుకోవాలి. పొదుపు మన నియమంలో ఉన్న మాటే కదా. పెట్టె బాధ్యత పెట్రోల్ లీడర్లకే అప్పగించండి. ఎవరి చొక్కా ఎవరికి సరిపోతుందో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

స్కౌట్ శిక్షణలో మూడో మెట్టైన తృతీయ సోపాన్ శిబిరానికి మీరు పంపే సర్క్యులర్‌లో ‘పూర్తి యూనిఫాం లేనివారికి ప్రవేశం లేదు’ అనే వాక్యం ఉంటే దయచేసి కొట్టేయండి. ‘ఏది లేకపోయినా ముందుగా చెప్పండి, గ్రూపు చూసుకుంటుంది’ అని రాయండి. ఆ అడగడం కూడా వరుసలో నిలబెట్టి నలుగురి ముందు కాదు, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి తెలుసుకోండి.