ఒహాయో స్టేట్ – మిషిగన్ మ్యాచ్: హార్స్‌షూలో చలి, సీటు, మూడో డౌన్

నమస్తే అండీ. ఇది అమెరికాలోని కొలంబస్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్. పక్క రాష్ట్రంలోని మిషిగన్ యూనివర్సిటీతో జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వచ్చేవాళ్ల కోసం ఈ మాటలు. ఆ బోర్డు చూశారా? ‘ఎం’ అక్షరం మీద ఎర్ర టేపుతో ఇంటూ కొట్టేశారు. మిషిగన్ మ్యాచ్ వారంలో ఇక్కడ కనబడ్డ ప్రతి ‘ఎం’కీ ఇంతే. వీళ్లు మిషిగన్ అనే పేరు కూడా పలకరు, ‘పైన ఉత్తరాన ఉన్న ఆ టీమ్’ అంటారు.

పోటీ చాలా పాతది. మొదటి మ్యాచ్ 1897లో జరిగితే మిషిగన్ 34–0తో గెలిచింది. 1918 నుంచి ఏటా ఆడుతున్నారు, కోవిడ్ వల్ల 2020లో ఒక్కసారే ఆగింది. అంతకు ముందే, 1835లో, సరిహద్దులోని టొలీడో ఊరి చుట్టూ ఉన్న భూమి ఎవరిదని ఒహాయో, మిషిగన్ రెండు వైపులా సైన్యాలు కట్టుకునేదాకా వెళ్లారు. టొలీడో ఒహాయోకి దక్కింది, మిషిగన్‌కి బదులుగా ఉత్తరాన అప్పర్ పెనిన్సులా ఇచ్చారు.

సరి సంవత్సరాల్లో మ్యాచ్ ఇక్కడ, బేసి సంవత్సరాల్లో మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో. థాంక్స్‌గివింగ్ గురువారం, మ్యాచ్ ఆ శనివారం. ఎక్కువసార్లు మధ్యాహ్నం పన్నెండుకే మొదలవుతుంది, అంటే హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర. డెట్రాయిట్ దగ్గరి నోవై, ట్రాయ్ వైపు నుంచి కారులో వచ్చే మనవాళ్లకు మూడున్నర గంటల దారి. శనివారం పొద్దున బయల్దేరితే పార్కింగ్ దగ్గరే మొదటి క్వార్టర్ అయిపోతుంది. శుక్రవారం రాత్రికే వచ్చేయండి.

టికెట్టు ఫోన్‌లోనే ఉంటుంది. గేటు దగ్గరికొచ్చి తెరుద్దామనుకుంటే అక్కడ లక్షమంది ఫోన్లు ఒకే టవర్ల మీద పడి ఉంటాయి, పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లోనే ఫోన్ వాలెట్ యాప్‌లో సేవ్ చేసుకోండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది కాబట్టి ఫోన్ కోటు పైజేబులో కాదు, లోపలి జేబులో పెట్టాలి. స్టూడెంట్ టికెట్టు చవగ్గా దొరికిందని తొందరపడొద్దు. దానికి ఐడీ అడుగుతారు, ముందే కనుక్కుని కొనండి. బ్యాగు పారదర్శకంగా ఉండాలి.

ఇక చలి. నవంబర్ చివర ఇక్కడ ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా దగ్గర తచ్చాడుతుంటుంది, మూడున్నర గంటలు కదలకుండా ఉంటాం. మనవాళ్లలో చాలామంది పైన మూడు జాకెట్లు వేసుకుని కాళ్ల సంగతి మర్చిపోతారు. చలి ఎక్కేది కింది కాంక్రీటు నుంచి. ఒక అట్టముక్క తీసుకెళ్లి బూట్ల కింద వేసుకోండి, తేడా తెలుస్తుంది. కాటన్ మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, ఉన్నివి వేసుకోండి. రెండు జతలు వేసి బూటు బిగించి కట్టారో, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. చేతులు వెచ్చబెట్టే ఆ చిన్న సంచులున్నాయి కదా, వాటిలో ఇనప పొడి గాలి తగిలితేనే వేడెక్కుతుంది. గేటు దగ్గర లైన్లో ఉన్నప్పుడే విప్పండి. గాలాడకుండా గట్టిగా మూసేస్తే చల్లారిపోతాయి.

సీటు విషయం. స్టేడియం గుర్రపు నాడా ఆకారం, అందుకే హార్స్‌షూ అంటారు, తెరిచిన వైపు దక్షిణం. తూర్పు వైపు కూర్చుంటే మధ్యాహ్నం ఎండ మొహం మీద పడుతుంది, కళ్లకు ఇబ్బందే కానీ ఒళ్లు వెచ్చగా ఉంటుంది. పడమటి వైపు తొందరగా నీడ పడుతుంది. మధ్య అంతస్తు బి డెక్ వెనక వరసలకు పైన, పై అంతస్తు సి డెక్ కప్పులా ఉంటుంది. వాన తగలదు, ఎండా తగలదు, బంతిని ఎత్తుగా తన్నినప్పుడు కనబడదు కూడా. మొదటిసారి వచ్చేవాళ్లకు నేనైతే సి డెక్ చెబుతాను. దూరమే, కానీ ఇరవై రెండు మందీ ఒకేసారి కనబడతారు.

ఆట అర్థం కావడానికి బంతి వెంట చూపు పరిగెత్తించొద్దు. బంతి కదిలే ముందు రెండు వరసలు ఎదురెదురుగా వంగి నిలబడే గీత ఉంది కదా, అక్కడ ఎవరు ఎవరిని వెనక్కి నెడుతున్నారో చూడండి. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు రావాలి, ఒక్కో ప్రయత్నాన్నీ డౌన్ అంటారు. అసలు పరీక్ష మూడోది, ఎందుకంటే అది తప్పితే నాలుగోసారి సాధారణంగా బంతి ప్రత్యర్థికి వదిలేస్తూ దూరంగా తన్నేస్తారు. ప్రత్యర్థికి మూడో డౌన్ వచ్చినప్పుడే గొంతు చించుకుని అరవాలి. 2024 నుంచి కోచ్ హెల్మెట్ రేడియోలో ఒక ఆటగాడితో మాట్లాడొచ్చు, ప్రతి ప్రయత్నానికి ముందు తిరిగే గడియారంలో పదిహేను సెకన్లు మిగలగానే అది కట్ అవుతుంది. ఆ పదిహేను సెకన్ల అరుపుకే విలువ. మాట వినబడక ఎవడో ముందే కదిలితే ఐదు యార్డులు పెనాల్టీ. మన టీమ్ చేతిలో బంతి ఉన్నప్పుడు మాత్రం నోరు మెదపొద్దు. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తారు.

2024 మ్యాచ్ దీనికి మంచి పాఠం. అందరి అంచనా ఒహాయో స్టేట్ భారీగా గెలుస్తుందని. మిషిగన్ పాస్ (బంతిని ముందుకు విసరడం) జోలికి పెద్దగా పోకుండా గీత దగ్గరే తోసుకుంటూ పోయింది. ఇటు ఒహాయో స్టేట్ రెండు పాస్‌లు ప్రత్యర్థి చేతికిచ్చింది, రెండు ఫీల్డ్ గోల్స్ పోగొట్టుకుంది. ఫీల్డ్ గోల్ అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం, మూడు పాయింట్లు. ఫీల్డ్ గోల్ దూరం లెక్క తేలికే: బంతి ఉన్న చోటు నుంచి గోల్ గీతకు ఎన్ని యార్డులో దానికి పదిహేడు కలపండి, పది గోల్ గీత వెనకున్న ఎండ్ జోన్‌కి, ఏడు వెనక్కి విసిరినందుకు. చివర్లో మూడో డౌన్, ఆరు యార్డులు కావాలి, మిషిగన్ ఆటగాడు కేలెల్ మల్లింగ్స్ 27 యార్డులు పరిగెత్తాడు. 45 సెకన్లు మిగిలుండగా 21 యార్డుల ఫీల్డ్ గోల్, మిషిగన్ 13–10తో గెలిచింది. తర్వాత మైదానం మధ్యలో మిషిగన్ వాళ్లు జెండా పాతబోతే కొట్టుకున్నారు, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. అదే ఒహాయో స్టేట్ ఆ సీజన్‌లోనే జాతీయ ఛాంపియన్ అయింది, ఎందుకంటే ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ పోటీలో అప్పుడే పన్నెండు టీమ్‌లకు చోటిచ్చారు, ఈ మ్యాచ్ ఓడినా వీళ్లకు చోటు దక్కింది. అయినా కొలంబస్‌లో ఆ ఓటమి మంట చల్లారలేదు. వరసగా నాలుగు ఓడాక, 2025లో ఆన్ ఆర్బర్‌లో 27–9తో గెలిచారు.

విరామం ఇరవై నిమిషాలు. బాత్రూంలో లైను దానికన్నా పొడుగు, కాబట్టి రెండో క్వార్టర్ మొదట్లోనే వెళ్లొచ్చేయండి. ఒక్కోసారి మ్యాచ్‌కి ముందు, ఒక్కోసారి విరామంలో బ్యాండ్ వాళ్లు నడుస్తూనే మైదానం మీద ‘ఒహాయో’ అని కలిపిరాతలో రాస్తారు, ఆఖర్న సూసఫోన్ (ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకా) వాయించే అబ్బాయో అమ్మాయో వచ్చి ‘ఐ’ మీద చుక్కగా నిలబడి వంగి దండం పెడతారు. అది వదులుకోవద్దు.

తిండి పార్కింగ్ దగ్గరే కానివ్వండి. పులిహోర పాడవదు, కానీ చలికి అన్నం గింజలు రాళ్లవుతాయి. సాంబారో టీయో ఫ్లాస్కులో తెండి. ముందు ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోయండి, అప్పుడు వేడి నిలుస్తుంది.

ఆట అయిపోగానే మెట్ల మీదికి ఎగబడకండి. ఆటగాళ్లు దక్షిణం వైపు బ్యాండ్ ముందుకొచ్చి భుజాల మీద చేతులేసుకుని యూనివర్సిటీ పాట ‘కార్మెన్ ఒహాయో’ పాడతారు, గెలిచినా ఓడినా. అది అయ్యేలోపు మెట్లు కూడా ఖాళీ అవుతాయి.