రిమినీలో ఒక్క పాయింట్

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, మన జట్టు ఏ డివిజన్ నుంచి బి డివిజన్‌కి పడిపోయి మూడు వారాలైంది. అప్పటి నుంచి ప్రాక్టీసుకి సగం మందే వస్తున్నారు, వచ్చినవాళ్లు కూడా తలెత్తి మాట్లాడటం లేదు. మిమ్మల్ని ఓదార్చడానికి నేను రాలేదు. ఒక సీజన్ గురించి చెప్పి వెళ్తాను. 2006-07, ఇటలీ, యువెంటస్ ఫుట్‌బాల్ క్లబ్.

వాళ్లు ఆటలో ఓడి పడిపోలేదు. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో మొదటి స్థానం వాళ్లదే. కానీ రిఫరీల నియామకంలో క్లబ్ పెద్దలు ఫోన్ల మీద తలదూర్చారని బయటపడింది. రెండు టైటిళ్లు పోయాయి. సెరీ బీ అనే రెండో డివిజన్‌కి దించారు, పైగా పాయింట్ల కోత. ఆ శిక్ష న్యాయమైనదే అంటాను. కాకపోతే ఫోన్లు చేసింది ఒకరు, గ్రౌండ్‌లో దిగి అనుభవించింది ఇంకొకరు.

ఆ ఏడాది జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఇటలీ, ఫ్రాన్స్ రెండూ కలిపి ఎనిమిది మంది యువెంటస్ ఆటగాళ్లు ఆ మ్యాచ్ ఆడారు. శిక్ష పడ్డాక కన్నవారో, ఎమర్సన్ రియల్ మాడ్రిడ్‌కి, ఇబ్రహిమోవిచ్, వియెరా ఇంటర్‌కి, జాంబ్రోత్తా, తురామ్ బార్సిలోనాకి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను, ఆటగాడికి మంచి వయసు నాలుగేళ్లే. కానీ బుఫాన్, డెల్ పియెరో, నెద్వెద్, ట్రెజెగే, కమోరనేసి ఉండిపోయారు. బుఫాన్ వస్తానంటే ఏ క్లబ్బైనా కళ్లకద్దుకుని తీసుకునేది.

సరిగ్గా రెండు నెలలకు, సెప్టెంబర్ 9న, సెరీ బీలో మొదటి మ్యాచ్. సముద్రం ఒడ్డున ఉండే రిమినీలో, చిన్న స్టేడియంలో. బెర్లిన్‌లో కప్పు ఎత్తిన ఇటలీ గోల్‌కీపర్ బుఫాన్ అక్కడ గోల్ ముందు నిలబడ్డాడు. యువెంటస్ అకాడమీలో పెరిగిన పారో అనే కుర్రాడు గోల్ కొట్టాడు. హమ్మయ్య అనుకునేలోపు రిమినీ సమం చేసింది. 1-1. మ్యాచ్ అయ్యాక పట్టికలో యువెంటస్ పేరు పక్కన ఎంత ఉందో తెలుసా? మైనస్ 16. కోత అప్పటికి 17 పాయింట్లు, సంపాదించింది ఒకటి. ఆ అంకె చూసి మర్నాడు మళ్లీ బూట్లు కట్టుకోవడం ఎంత కష్టమో ఈ మూడు వారాల్లో మీకు తెలిసే ఉంటుంది.

వాళ్లు కట్టుకున్నారు. మొత్తం 42 మ్యాచ్‌ల్లో 28 గెలిచారు, నాలుగే ఓడారు. అప్పీళ్ల తర్వాత కోత 9కి తగ్గింది, అది పోగా 85 పాయింట్లతో మొదటి స్థానం. డెల్ పియెరో 20 గోల్స్ కొట్టి లీగ్‌లోనే ముందు నిలిచాడు. చిన్న జట్లే కదా అని అతను ఆట తగ్గించలేదు. పెద్దవాళ్లు వెళ్లి ఖాళీ అయిన చోట 20 ఏళ్ల మార్కీసియోకి అవకాశం దొరికింది. మన బెంచి మీద కూర్చున్న కుర్రాళ్లు ఈ మాట కాస్త గట్టిగా వినాలి.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. పైకి తెచ్చిన కోచ్ డెషాంప్స్, క్లబ్‌తో పొసగక సీజన్ ముగియకముందే వెళ్లిపోయాడు. అయినా మరుసటి ఏడాది సెరీ ఏలో, అంటే మొదటి డివిజన్‌లో, జట్టు మూడో స్థానంలో నిలిచింది. టాప్ స్కోరర్ డెల్ పియెరో, 21. రెండో స్థానంలో ట్రెజెగే, 20.

ట్రెజెగే గురించి ఇంకొక్క మాట. బెర్లిన్ ఫైనల్ షూటౌట్‌లో ఫ్రాన్స్ తరఫున అతను కొట్టిన పెనాల్టీ క్రాస్‌బార్‌కి తగిలింది. సెరీ బీకి అతను తీర్పు వల్ల వెళ్లాడు. 2011లో అర్జెంటీనాలో రివర్ ప్లేట్ అనే క్లబ్, 110 ఏళ్ల చరిత్రలో మొదటిసారి, రెండో డివిజన్‌కి పడిపోయింది. ట్రెజెగే పెరిగింది ఆ దేశంలోనే, చిన్నప్పటి నుంచి రివర్ అభిమాని. 34 ఏళ్ల వయసులో, ఈసారి ఎవరూ దించకుండా, తనంతట తానే ఆ డివిజన్‌కి వెళ్లి ఆడాడు. 2012 జూన్ 23న అల్మిరాంతె బ్రౌన్ జట్టు మీద రివర్ 2-0తో గెలిచి మళ్లీ పైకి వచ్చింది. ఆ రెండు గోల్సూ అతనివే.

రేపు ఉదయం ఆరింటికి గ్రౌండ్‌లో ఉంటాను.