చుక్కి కిటికీ ఎక్కిందా?

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో 16 ఏళ్ల పిల్లి ఉంది. పేరు చుక్కి. దానికి థైరాయిడ్, కిడ్నీ జబ్బు, బీపీ, కీళ్లనొప్పులు ఉన్నాయి. ఈ మాట వినగానే ఎవరైనా నవ్వుతారు, "మా నాన్నగారికి ఉన్నవే కదండీ" అని. నిజమే, దాని మందుల డబ్బా చూస్తే ఎవరో పెద్దాయనదనుకుంటారు. తేడా ఎక్కడంటే, పెద్దాయన "మోకాలు పీకేస్తోందిరా" అని నలుగురికి వినపడేలా చెబుతాడు. పిల్లి నోరు విప్పదు. ఎంత నొప్పి ఉన్నా ముడుచుకుని కూర్చుంటుంది, మనం నిద్రపోతోందనుకుంటాం.

చుక్కి ఒకప్పుడు ఒక్క గెంతులో కిటికీ ఎక్కేది. తరువాత స్టూల్ ఎక్కి, అక్కణ్నించి కిటికీ ఎక్కడం మొదలుపెట్టింది. తెలివి పెరిగిందని మురిసిపోయాను. అవి కీళ్లనొప్పులని నాకు తట్టలేదు. 12 ఏళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు చూసిన ఒక పరిశోధనలో 90 శాతం పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. వాటిలో కుంటుతూ కనిపించేవి తక్కువే. గెంతడం తగ్గిస్తాయి, వీపు నాక్కోవడం మానేస్తాయి, అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది. అంతే.

మా ఇంట్లో ముందు బయటపడిన జబ్బు మాత్రం థైరాయిడ్. గిన్నె నాకేస్తోంది, మళ్లీ అడుగుతోంది, అయినా చిక్కిపోతోంది. రాత్రిళ్లు అరుపులు. పిల్లుల్లో ఈ జబ్బును వైద్యులు మొదటిసారి 1979లో వర్ణించారు. ఇప్పుడు ముసలి పిల్లుల్లో ఇది బాగా మామూలు. మాత్రలు మొదలుపెట్టాం. కొన్ని వారాలకు థైరాయిడ్ దారిలో పడింది, కానీ అదే రక్తపరీక్షలో కిడ్నీలు బాగాలేవని వచ్చింది. ఈ మందే కిడ్నీలను పాడుచేసిందని నాకు గట్టి నమ్మకం. ఎవరికీ చెప్పకుండా 4 రోజులు మాత్ర ఆపేశాను.

అది పొరపాటు. థైరాయిడ్ ఎక్కువైతే గుండె పరుగులు పెడుతుంది, కిడ్నీలకు రక్తం జోరుగా వెళుతుంది. దెబ్బతిన్న కిడ్నీలు కూడా ఆ జోరులో బాగానే వడకడుతున్నట్టు కనిపిస్తాయి. మందు పడి ఆ జోరు తగ్గగానే అసలు సంగతి బయటికొస్తుంది. అంటే మందు జబ్బును తేలేదు, దాక్కున్నదాన్ని చూపించింది. అందుకే థైరాయిడ్ వైద్యం మొదలైన కొన్ని వారాలకు కిడ్నీ పరీక్షలు మళ్లీ చేస్తారు. మందు ఆపేసి థైరాయిడ్‌ను అలా వదిలేస్తే గుండెకూ కిడ్నీలకూ ఇంకా చేటు.

జబ్బు ఒక్కటే ఉంటే వైద్యం నేరుగా సాగుతుంది. నాలుగుంటే, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కిడ్నీలకు భాస్వరం తగ్గించిన, మాంసకృత్తులు హద్దులో ఉన్న తిండి కావాలి. షుగర్ ఉన్న పిల్లికేమో మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థాలు తక్కువ ఉన్న తిండి మంచిది. కిడ్నీలకు సెలైన్ ఎక్కిస్తే తేరుకుంటుంది, గుండెజబ్బు ఉంటే ఆ నీరే ఊపిరితిత్తుల్లో చేరొచ్చు. కీళ్లనొప్పుల మందుల్లో కొన్ని కిడ్నీలకు పడవు. కాబట్టి ఏ జబ్బు ఇప్పుడు ఎక్కువ హాని చేస్తోందో చూసి, అన్నీ తెలిసిన ఒక్క డాక్టరే నిర్ణయించాలి. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరుగుతుంటే మందుల జాబితా ఇద్దరికీ చూపించండి. ఇంకో మాట, మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

తిండి గురించి నాకొక పట్టింపు ఉంది. కిడ్నీ తిండి ఎంత మంచిదైనా పిల్లి ముట్టకపోతే ఏం లాభం? పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు చేరి అదో కొత్త జబ్బవుతుంది. అందుకే కొత్త తిండిని పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారాల తరబడి అలవాటు చేశాం. కాస్త గోరువెచ్చగా పెడితే వాసన తెలిసి వస్తుంది. అసలు తినని రోజున ఏది తింటే అది పెట్టాను, డాక్టరూ అదే అన్నారు.

మాత్ర వేశాక సిరంజితో కాసిని నీళ్లు తాగించాలి. లేకపోతే మాత్ర గొంతు దిగక అన్నవాహికలో అంటుకుని అక్కడ పుండు పడొచ్చు. మాత్ర బొత్తిగా మింగని పిల్లులకు థైరాయిడ్ మందును చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగా కూడా ఇస్తారు, రాసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. సెలైన్ ఇంట్లోనే చర్మం కింద ఎక్కించడం నేర్చుకున్నాను. మొదటిరోజు ఆ నీరంతా జారి ముందు కాలు బుడగలా ఉబ్బితే టెన్షన్‌తో అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. కొన్ని గంటల్లో అదే ఇంకిపోయింది.

బీపీ సంగతి మాత్రం చివరిదాకా తెలియలేదు. ఒకరోజు పొద్దున్నే చుక్కి తలుపుకి గుద్దుకుంది. కళ్లు చూస్తే నల్లగుడ్లు రెండూ వెడల్పుగా తెరుచుకుని ఉన్నాయి. కిడ్నీ, థైరాయిడ్ జబ్బులున్న పిల్లుల్లో బీపీ పెరిగి కంటి లోపలి పొర ఊడి హఠాత్తుగా చూపు పోవచ్చు. వెంటనే వెళ్లడం వల్ల మాకు ఒక కంటి చూపు కొంత మిగిలింది. మీ ముసలి పిల్లిని పరీక్షకు తీసుకెళితే బీపీ కూడా చూడమని అడగండి.

నా స్నేహితురాలి పిల్లికి షుగర్. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో ఇన్సులిన్. ఇన్సులిన్ సీసా మీద 40 అని, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే సిరంజి కూడా 40దే కావాలి, 100ది వాడితే లెక్క తారుమారవుతుంది. ఒకసారి ఆవిడ ఇచ్చిన గంటకు ఇంట్లో ఇంకొకరు మళ్లీ ఇచ్చేశారు. పిల్లి తూలిపోయింది. చిగుళ్లకు తేనె రాస్తూ ఆస్పత్రికి పరుగెత్తారు, బతికింది. అన్నట్టు, పిల్లి నాలుకకు తీపి తెలియదు. ఆ తేనె దానికి మందే తప్ప రుచి కాదు. ఇన్సులిన్ ఇచ్చామో లేదో అనుమానం వస్తే ఆ పూటకు మానేయడమే మంచిది.

ఆ సంగతి విన్నాకే నోటుబుక్కు పెట్టాను. మందు వేసినవాళ్లు వేసిన వెంటనే టిక్కు పెట్టాలి. వారానికోసారి బరువు, పసిపిల్లల్ని తూచే మిషన్ మీద. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. ఎత్తుకుంటే ఆ తేడా చేతికి తెలియదు. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో కూడా లెక్కపెడతాను, 30 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పాలి. లిట్టర్ ట్రేలో, అంటే అది ఉచ్చ పోసుకునే ఇసుక పళ్లెంలో, తడి ఉండలెన్నో కూడా రాస్తాను. మా ఇంట్లోవాళ్లకిది వింతగా ఉంటుంది, ఉండనివ్వండి.

మధ్యలో సెలైన్ రోజూ ఎక్కించాం. సంచి తీసిన చప్పుడుకే చుక్కి మంచం కిందికి దూరేది, నేను మామూలుగా దగ్గరికెళ్లినా పారిపోయేది. నన్ను చూసి పారిపోవడం నాకు కష్టమనిపించి డాక్టర్‌ని అడిగాను. పరీక్షలు చూసి వారానికి రెండుసార్లు చాలన్నారు. ఆ వారం నోటుబుక్కులో ఇంకో గడి గీశాను, "ఈరోజు కిటికీ ఎక్కిందా?" అని. మందుల గడులన్నీ నిండి ఇది ఖాళీగా ఉన్న రోజులు వరసగా వస్తే వేరే మాట మాట్లాడుకోవాలని నేనూ డాక్టరూ అనుకున్నాం.

నిన్న ఎక్కింది. స్టూల్ మీదుగానే.

సెలవు.